బొగ్గుల కుంపటి మీద గాజు పాత్ర పెట్టవచ్చునా?

బెంగళూరు తూర్పు అంచున ఉన్న మహదేవపుర ఒకప్పుడు సొంత నగరసభ గల ప్రాంతం. 2007లో అది మహానగర పాలికెలో విలీనమైంది. వైట్‌ఫీల్డ్ పరిసరాలలో సాఫ్ట్‌వేర్ సంస్థలు వెలసిన తరువాత కుప్పం, ముళబాగిలు, శ్రీనివాసపురం, చింతామణి వైపుల నుంచి తెలుగు కుటుంబాలు అక్కడికి బ్రతుకుతెరువు కోసం వెళ్ళాయి. సెలవులకు ఊరికి వచ్చే పిల్లలు తమతోపాటు అక్కడి వస్తువులను కూడా తెస్తున్నారు. అటువంటి వస్తువులలో రెండింటిని గురించి ఇక్కడ చెప్పుకోవలసి ఉన్నది. ఒకటి ఓవెన్‌లో కేకు, పులావు వంటివి వండే మందపాటి గాజు పాత్ర. రెండవది మాంసం, పనీరు, మొక్కజొన్న కంకులు కాల్చుకొనే బొగ్గుల గ్రిల్లు. ఇది మన కుంపటికి కొత్త రూపమే. కన్నడంలో దీనిని అగ్గిష్టికె అనీ, బొగ్గును ఇద్దిలు అనీ అంటారు.

పల్లెలో చాలా ఇళ్ళలో ఓవెన్ ఉండదు, కుంపటి ఉంటుంది. గాజు పాత్ర అట్టపెట్టె మీద ‘ఓవెన్ సేఫ్’ అనీ, దాని పక్కన 300 డిగ్రీలనో 350 డిగ్రీలనో ఒక అంకె ఉంటుంది. అంత వేడికి తట్టుకొనే పాత్ర నాలుగు బొగ్గులకు తట్టుకోదా అన్న సందేహం సహజం.

సమాధానం ఒక్కటే: పెట్టరాదు. బొగ్గుల మీద గాని, గ్రిల్లు కమ్మీల మీద గాని, గ్యాసు మంట మీద గాని, కట్టెల పొయ్యి మీద గాని ఓవెన్ గాజు పాత్రను ఉంచరాదు. పాత్రల తయారీదారులు కూడా తమ సూచనల పత్రాలలో ఈ మాటే చెబుతారు. అట్టపెట్టె మీది అంకె అబద్ధం కాదు, కాని అది వేరొక పరిస్థితికి సంబంధించినది.

గాజు ఎందుకు పగులుతుంది?

వెలుగుతున్న లాంతరు చిమ్నీ మీద వాన చినుకు పడితే అది టప్పున చిట్లడం పెద్దవారు ఎరిగినదే. చిమ్నీ అంతా వేడిగా ఉండగా చినుకు పడిన చోటు మాత్రం చల్లబడి సంకోచిస్తుంది. చుట్టూ ఉన్న గాజు సంకోచించదు. ఈ లాగుడుకు లోహమైతే కొద్దిగా సాగి సర్దుకుంటుంది. గాజుకు సాగే గుణం లేదు కనుక పగులుతుంది.

అనగా గాజును పగలగొట్టేది కేవలం వేడి కాదు, ఒకే పాత్రలో రెండు చోట్ల ఉన్న వేడిలోని తేడా. దీనికి తోడు గాజు అధమ ఉష్ణవాహకం. ఇనుము గాజు కంటే సుమారు 50 రెట్లు, అల్యూమినియం సుమారు 200 రెట్లు వేగంగా వేడిని ప్రసరింపజేస్తాయి. ఇనుప పెనం కింద ఒక మూలనే మంట తగిలినా కొద్దిసేపటికి పెనమంతా కాలుతుంది. గాజు పాత్రలో మంట తగిలిన చోటు మండిపోతున్నా జానెడు దూరంలోని అంచు గోరువెచ్చగానే ఉంటుంది.

ఓవెన్‌కూ కుంపటికీ గల భేదం

ఓవెన్‌లో పాత్ర చుట్టూ వేడిగాలి ఉంటుంది. 180 నుంచి 220 డిగ్రీల వరకు కాగిన ఆ గాలి పాత్రను అన్ని వైపుల నుంచీ ఇంచుమించు సమంగా, నెమ్మదిగా వేడి చేస్తుంది. పెట్టె మీది అంకె ఈ పరిస్థితికి వర్తించేది.

కుంపటిలో ఎర్రగా రాజుకున్న బొగ్గు ఉపరితలం 600 డిగ్రీలకు పైగా ఉంటుంది. విసనకర్రతో విసిరితే నిప్పు నారింజ రంగుకు తిరిగి 900, 1000 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడి సమంగా ఉండదు. ఒకచోట నిగనిగలాడే బొగ్గు, పక్కనే బూడిద కప్పిన బొగ్గు, మధ్యలో ఖాళీ. గ్రిల్లు కమ్మీలు తాకిన గీతల వెంట గాజు తీవ్రంగా కాలుతుంది, కమ్మీల నడుమ అంతగా కాలదు. పైనుంచి గాలి తగిలి అంచు చల్లబడుతుంది. కొవ్వు కారి బొగ్గుల మీద పడితే ఒక్కసారి మంట లేస్తుంది. గాజుకు గిట్టని పరిస్థితులన్నీ అక్కడే కూడి ఉంటాయి.

గాజులన్నీ ఒకటి కావు

వంటింటి గాజు పాత్రలు చాలావరకు రెండు రకాలు. కిటికీ అద్దాలకు, సీసాలకు వాడే సోడా-సున్నపు గాజు ఒకటి. బోరాన్ సమ్మేళనం కలిపి చేసే బోరోసిలికేట్ గాజు రెండవది. దీనిని జర్మనీలో ఒట్టో షాట్ 19వ శతాబ్దం చివరి దశకాలలో రూపొందించాడు. పాఠశాల ప్రయోగశాలలోని బీకర్లు, పరీక్షనాళికలు ఈ జాతివే.

100 డిగ్రీల వేడి పెరిగితే 30 సెంటీమీటర్ల పొడవున్న సోడా-సున్నపు గాజు 0.27 మిల్లీమీటరు వ్యాకోచిస్తుంది. అంతే పొడవు గల బోరోసిలికేట్ 0.10 మిల్లీమీటరు మాత్రమే వ్యాకోచిస్తుంది. తక్కువగా వ్యాకోచించే గాజులో లాగుడు కూడా తక్కువ. అమెరికన్ సిరామిక్ సొసైటీ బులెటిన్‌లో 2012లో వెలువడిన ఒక వ్యాసం లెక్క కట్టిన ప్రకారం, హఠాత్తుగా ఏర్పడే ఉష్ణోగ్రతా భేదం సోడా-సున్నపు గాజుకు సుమారు 55 డిగ్రీలు, బోరోసిలికేట్‌కు సుమారు 183 డిగ్రీలు దాటితే పగిలే ప్రమాదం ఉన్నది. 600 డిగ్రీల బొగ్గు ముందు ఈ రెండు అంకెలూ చిన్నవే. మంచి గాజు కొంత ఆలస్యంగా పగలవచ్చును గాని, కుంపటికి పనికివచ్చేది కాజాలదు.

సోడా-సున్నపు గాజును బలపరచడానికి కొందరు తయారీదారులు దానిని టెంపరింగ్ చేస్తారు. వేడి గాజు ఉపరితలాన్ని వేగంగా చల్లార్చి, పైపొర సంపీడనంలో బిగుసుకొని ఉండేటట్లు చేయడమే ఈ పద్ధతి. దీనివల్ల పాత్ర దెబ్బలకు బాగా ఓర్చుకుంటుంది, వేడి భేదానికి కూడా కొంత ఓర్చుకుంటుంది. కాని పగిలినప్పుడు లోపల దాగిన బిగువు ఒక్కసారి విడుదలై ముక్కలు నలువైపులా చిమ్ముతాయి.

పేరు ఒకటే, గాజు వేరు

పైరెక్స్ చరిత్రకు లాంతరుతో సంబంధం ఉన్నది. అమెరికాలోని కార్నింగ్ సంస్థ, వానకూ మంచుకూ పగలని రైల్వే సిగ్నల్ లాంతర్ల కోసం తక్కువ వ్యాకోచం గల గాజును తయారు చేసింది. ఆ సంస్థలో శాస్త్రజ్ఞుడైన జెస్సీ లిటిల్టన్ 1913లో బ్యాటరీ గాజు జాడీని అడుగు భాగం వరకు కోసి ఇంటికి తీసుకుపోగా, ఆయన భార్య బెస్సీ అందులో కేకు చేసింది. 1915లో పైరెక్స్ పాత్రలు విపణిలోకి వచ్చాయి. లాంతరు గాజు వంట పాత్ర అయినది కూడా ఓవెన్ కోసమే, మంట కోసం కాదు.

1998లో కార్నింగ్ తన గృహోపకరణాల విభాగాన్ని అమ్మివేసింది. అటు తరువాత అమెరికాలో ఆ పేరుతో వచ్చే పాత్రలు టెంపర్ చేసిన సోడా-సున్నపు గాజువి. ఐరోపా పైరెక్స్ ఓవెన్ పాత్రలు బోరోసిలికేట్‌తో తయారవుతున్నాయి. మన దేశంలో 1962లో స్థాపితమైన బోరోసిల్ పేరు బోరోసిలికేట్ గాజుకు పర్యాయపదమైంది. అయితే అదే సంస్థ లారా పేరుతో తెల్లని ఓపల్ గాజు పళ్ళాలను కూడా అమ్ముతున్నది. కనుక పేరు చూసి గాజు రకాన్ని నిర్ణయించరాదు. పాత్ర అడుగున, పెట్టె మీద వ్రాసిన మాటలను చదవవలసి ఉంటుంది.

పెట్టె మీది మాటలకు అర్థాలు

ఓవెన్ సేఫ్: ముందుగా వేడెక్కిన ఓవెన్‌లో, చెప్పిన డిగ్రీల వరకు వాడవచ్చును. మంటకు వర్తించదు.

మైక్రోవేవ్ సేఫ్: మైక్రోవేవ్ తరంగాలు ప్రధానంగా ఆహారాన్ని వేడి చేస్తాయి, పాత్రను కాదు. నిప్పును గురించి ఈ మాట ఏమీ చెప్పదు.

ఫ్రీజర్ సేఫ్: చలికి ఓర్చుకుంటుందని మాత్రమే. ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా వేడి చేయవచ్చునని కాదు.

స్టవ్‌టాప్ సేఫ్ లేక ఫ్లేమ్‌ప్రూఫ్: పొయ్యి మీద వాడదగినది. గాజు-సిరామిక్ అనే మరొక పదార్థంతో చేసిన కొన్ని పాత్రలకు ఈ గుణం ఉన్నది. 1953లో కార్నింగ్‌లో డొనాల్డ్ స్టూకీ దీనిని కనుగొన్నాడు. ఇటువంటి పాత్రనైనా గ్రిల్లుకు పనికివస్తుందని స్పష్టంగా వ్రాసి ఉంటే తప్ప బొగ్గుల మీద పెట్టకపోవడమే మేలు.

తరచుగా కలిగే సందేహాలు

ఒకసారి పెట్టినా పగలలేదు, మరల పెట్టవచ్చునా? పెట్టరాదు. గాజు మీద కంటికి కనబడని గీతలు, నెర్రెలు ఉంటాయి. చెంచా గీత, పీచు రుద్దుడు, సింకుకు తగిలిన దెబ్బ వాటిని పెంచుతాయి. ప్రతిసారి కలిగే లాగుడు వాటిని ఇంకొంచెం తెరుస్తుంది. పదిసార్లు నిలిచిన పాత్ర పదకొండవసారి పగలవచ్చును.

కింద అల్యూమినియం రేకు గాని పెనం గాని వేస్తే? ప్రమాదం కొంత తగ్గవచ్చును గాని పోదు. రేకు పలుచన, దాని గుండా వేడి వెంటనే గాజుకు చేరుతుంది. పెనం కాలిన కొద్దీ గాజు అడుగు ఒక్కటే కాలుతుంది.

మూత ఉన్న గ్రిల్లు ఓవెన్ వంటిదే కదా? మూత మూసినా బొగ్గు కిందనే ఉంటుంది. వేడిని మనం నిర్ణయించలేము. మూత తీయగానే చల్లగాలి తగులుతుంది.

గిన్నెలో ఇసుక పోసి, పైనా కిందా నిప్పులు పెట్టి కేకు చేసే పాత పద్ధతిలో గాజు వాడవచ్చునా? అక్కడ కూడా వేడికి హద్దు ఉండదు. ఆ పద్ధతికి మందపాటి అల్యూమినియం గిన్నె సరిపోతుంది.

కుంపటికి తగిన పాత్రలు

పోత ఇనుప పెనం, బాణలి అన్నిటికంటే మేలైనవి. మట్టి చట్టి కూడా పనికివస్తుంది. దాని ముతక, రంధ్రాల నిర్మాణం వల్ల చిన్న నెర్రె ఒక్కసారిగా పాత్రంతా పాకదు. అయినా సెగను నెమ్మదిగా పెంచాలి, ఖాళీగా కాల్చరాదు. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది కాబట్టి పలుచని రేకు పళ్ళేలను మండే బొగ్గుల మీద నేరుగా పెట్టరాదు. నిమ్మరసం, చింతపండు పట్టించిన పదార్థాలను కూడా అందులో ఎక్కువసేపు ఉంచరాదు. కళాయి పూసిన ఇత్తడి, రాగి పాత్రలలో తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. నాన్‌స్టిక్ పూత 260 డిగ్రీలు దాటితే చెడిపోతుంది. ఈ రెండూ బొగ్గులకు దూరంగా ఉండవలసినవే.

గాజు పాత్రను పూర్తిగా మూలన పడవేయనక్కరలేదు. మసాలా పట్టించి నానబెట్టడానికి అది శ్రేష్ఠం. పులుపుతో కలిసి చెడదు, వాసన పట్టదు. పచ్చి మాంసం నానబెట్టిన పాత్రను కడగకుండా కాల్చిన మాంసానికి వాడరాదు. కాల్చిన ముక్కలను చల్లని గాజు పళ్ళెంలో నేరుగా వేయక, స్టీలు పళ్ళెంలో కొంత ఆరనిచ్చి మార్చుకోవాలి. వేడి గాజు పాత్రను తడి బండ మీద పెట్టరాదు, పొడి గుడ్డ మీద గాని చెక్క పలక మీద గాని పెట్టాలి.

పగిలితే చేయవలసినది

ముందు పిల్లలను, చెప్పులు లేనివారిని దూరంగా పంపాలి. పగిలిన పాత్ర మీద, నిప్పుల మీద నీళ్ళు పోయరాదు. వేడి గాజు ఇంకా చిమ్ముతుంది, ఆవిరి కాలుస్తుంది. నిప్పు దానంతట అది ఆరనివ్వాలి. పాత్రలోని ఆహారాన్నీ, గ్రిల్లు మీద దగ్గరలో ఉన్న ఆహారాన్నీ పూర్తిగా పారవేయాలి. కడిగి తినవచ్చునన్న ఆలోచన తగదు. దానిని పశువుల కుడితిలో గాని కుక్కలకు గాని వేయరాదు. ఆ బూడిదను అంట్లు తోమడానికి, చెట్ల పాదులకు వాడరాదు. చల్లారిన తరువాత మందపాటి కాగితంలో చుట్టి, ‘గాజు’ అని వ్రాసి వేరుగా పారవేయాలి. కన్నడంలోనూ గాజును గాజు అనే అంటారు కనుక ఆ మాట సరిహద్దుకు ఇరువైపులా అర్థమవుతుంది. నేల మీది సన్నని పొడిని తడి గుడ్డతో ఎత్తి, ఆ గుడ్డను కూడా పారవేయాలి.

కాలిన చోటును ధారగా పడే చల్లని నీటి కింద 20 నిమిషాలు ఉంచాలి. మంచుగడ్డ, టూత్‌పేస్ట్, సిరా, పసుపు పూయరాదు. లోతుగా దిగిన గాజు ముక్కను లాగరాదు, చుట్టూ గుడ్డతో అదిమి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కంటిలో పడితే నలపరాదు. ముఖం, కళ్ళు, చేతులు గాయపడితే 108కు ఫోన్ చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ కర్ణాటకలోనూ అంబులెన్సుకు ఇదే సంఖ్య.

గుర్తుంచుకోవలసినవి

1. ఓవెన్‌కు పనికివచ్చేది నిప్పుకు పనికిరాదు.
2. గాజును పగలగొట్టేది వేడిలోని తేడా.
3. పేరు కాదు, పాత్ర మీది వ్రాతే ప్రమాణం.
4. గీతలు పడిన, అంచు విరిగిన గాజు పాత్రను ఓవెన్‌లో కూడా వాడరాదు.
5. గాజు పాత్రను ఊరికి కానుకగా పంపేవారు, దానిని పొయ్యి మీద పెట్టరాదన్న మాటను తెలుగులో ఒక చీటీ మీద వ్రాసి పాత్రతోపాటు ఉంచడం మంచిది. పెట్టె మీది ఇంగ్లీషు వ్రాత ఇంట్లో వంట చేసే అందరికీ చదవరాకపోవచ్చును.