అచ్చోసిన ఆంబోతు: ఒక తిట్టు వెనుక పశుచరిత్ర

పనీపాటా లేక తిరిగేవాణ్ణి ‘అచ్చోసిన ఆంబోతు’ అనడం తెలుగు వ్యవహారంలో ఉంది. ఇందులోని ‘అచ్చు’ వృషోత్సర్గంలో కోడె మీద కాల్చి వేసే ముద్ర. చనిపోయినవారి పేరిట ఒక కోడెకు ఈ ముద్ర వేసి ఊరి మీదికి విడిచిపెట్టేవారు. దాన్ని కాడికి కట్టరు. ఎవరి చేలో మేసినా కొట్టరు. తిట్టు ఈ స్వేచ్ఛను మాత్రమే గుర్తుంచుకుంది, దాని వెనుకనున్న ఎంపికను మరిచిపోయింది.

విడిచే వృషభం ఎలాంటిదై ఉండాలో విష్ణుస్మృతి 86వ అధ్యాయం చెబుతుంది. దూడలు బతికి ఉన్న పాడియావుకు అది పుట్టి ఉండాలి, సర్వలక్షణాలూ కలిగి ఉండాలి, మందను కాచగలగాలి. ఒక పక్క చక్రం, మరో పక్క శూలం ముద్రను కమ్మరి చేత వేయించాలి. ఇక్కడ ఆసక్తికరమైనది మొదటి నియమం. కోడె పాలివ్వదు, అయినా దాన్ని తల్లి పాడిని బట్టి ఎంచాలంటున్నారు. పాడి గుణం మగసంతానం ద్వారా కూడా తరువాతి తరానికి చేరుతుందన్న ఎరుక లేనిదే ఈ నియమానికి అర్థం లేదు. పరలోకం కోసం చేసే కర్మలో ఇది పూర్తిగా ఇహలోకపు లెక్క.

ఆవు ఏడాదికి ఒక దూడను ఈనడమే గొప్ప. ఆంబోతు అదే కాలంలో ఎన్నో దూడలకు తండ్రి అవుతుంది. కనుక మంద గుణాన్ని మార్చడానికి దగ్గరి దారి ఆంబోతు ఎంపికే. గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య ప్రాంతంలో ఊరి అనుభవజ్ఞులు మేలైన కోడెను చూసి అచ్చు వేయించేవారు. మిగిలినవాటిని విత్తులు నొక్కించి ఎద్దులుగా కాడికి మళ్లించేవారు. ఒంగోలు జాతి ఇలా నిలబడింది. 18వ శతాబ్దపు ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ మేలుజాతి పొట్టేళ్లను అద్దెకిచ్చి సొమ్ము చేసుకున్నాడు. ఒంగోలు ఆంబోతుకు యజమానే లేడు.

అయితే దీన్ని ఆదర్శీకరించనక్కరలేదు. నల్లరేగడిని దున్నగల బలం రైతుకు ప్రధానం. అదే జాతిని బ్రెజిల్‌లో మాంసం కోసం ఎంచి పెంచారు; 1938లో వంశావళి పట్టిక తెరిచారు. నెల్లూరు పేరుతో అది అక్కడ ‘నెలోర్’ అయింది. 1960ల తొలి ఏళ్లలో ఒంగోలు సమీపంలోని కరవది నుంచి వెళ్లిన ఆంబోతు అక్కడ ఊరి పేరుతోనే ప్రసిద్ధికెక్కింది.

ఉత్తరాంధ్రలో ఆచారం మరో రూపం తీసుకుంది. సింహాచలం అప్పన్నకు కోడెదూడను మొక్కుకుంటారు. మొక్కు చెల్లడానికి దూడ మగదైతే చాలు. మేలు రకమా, తల్లి పాడి ఎంత అన్నవి లెక్కలోకి రావు. ట్రాక్టర్లు వచ్చాక కోడెకు పొలంలో పని తగ్గింది కూడా. 2013లో అక్కడి గోశాలలో దూడల మరణాలు వార్తలకెక్కాయి. దానం మిగిలింది, ఎంపిక జారిపోయింది.

ఆ ఎంపిక ఇప్పుడు అదే విశాఖపట్నంలో, ఘనీకృత వీర్య కేంద్రంలో జరుగుతున్నది. అక్కడ ఆంబోతు ఊరి మీద తిరగదు. దాని వీర్యాన్ని సన్నని నాళికల్లో నింపి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. ఇలాంటి కేంద్రాలకు ఆంబోతును ఎంచేటప్పుడు పశువైద్యులు చూసేవాటిలో ముఖ్యమైనది తల్లి పాల దిగుబడి.