సిపాయి జీతంలో బిడ్డ వాటా



మా లక్కడ్‌కోట్ రాజురా తాలూకాలో, సరిహద్దును ఆనుకుని ఉన్న ఊరు. 1956 దాకా ఈ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాది. రాష్ట్రాల పునర్విభజనతో ఇటు కలిసింది. అందుకే మా దగ్గర ఆఫీసు కాగితం మరాఠీలో, ఇంటి కష్టం తెలుగులో ఉంటాయి. రెండూ వచ్చిన బడి పంతులుని కనుక అర్జీలు రాయించుకోవడానికి నా దగ్గరికి వస్తుంటారు.

కొన్నేళ్ల క్రితం చంటిబిడ్డతో ఒక తల్లి వచ్చింది. భర్త సైన్యంలో జవాను. రెండేళ్లుగా డబ్బు పంపడం మానేశాడు. నెలనెలా పోట్గీ ఇవ్వాలని కోర్టు చెప్పింది. మనం మనోవర్తి అనేదాన్నే మరాఠీలో పోట్గీ అంటారు. పోట్ అంటే కడుపు. అయితే సిపాయి జీతాన్ని కోర్టు జప్తు చెయ్యలేదని ఎవరో ఆమెకు చెప్పారు. "మరి ఈ తీర్పు దేనికి సారూ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది.

సిపాయి కుటుంబానికి మొదట ఆధారం మనియార్డరు. మన దేశంలో తపాలా మనియార్డరు 1880లో మొదలైంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి, మిలిటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న పశ్చిమ గోదావరి పల్లె ఒకటుంది. అలాంటి ఊళ్లలో పోస్టుమాన్ కోసం ఎన్ని కళ్లు ఎదురు చూశాయో ఊహించుకోవచ్చు. కానీ పంపడం, పంపకపోవడం సిపాయి మనసును బట్టి ఉండేది. మనసు మారితే పొయ్యి ఆరిపోయేది.

1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 488వ సెక్షన్ భార్యకూ బిడ్డకూ మేజిస్ట్రేటు ద్వారా మనోవర్తి అడిగే దారి చూపింది. అప్పటి పరిమితి నెలకు 50 రూపాయలు. 1973 కోడ్‌లో అదే 125వ సెక్షన్ అయింది. 500 రూపాయల పరిమితిని 2001లో ఎత్తివేశారు. 2024 జులై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్.

ఇక సైన్యం మాట. అప్పులవాళ్లు సిపాయి ఆయుధాన్నీ, బట్టలనూ, జీతాన్నీ పట్టుకుపోతే సరిహద్దు కాపలా ఎవరు కాస్తారు? అందుకే 1950 సైనిక చట్టం 28వ సెక్షన్ సివిల్ కోర్టు జప్తు నుంచి వాటికి రక్షణ ఇచ్చింది. ఆ తల్లి విన్నమాట అంతవరకు నిజమే. కానీ అప్పు వేరు, బిడ్డ ఆకలి వేరు. ఈ తేడాను బ్రిటన్ 1881 నాటి సైనిక చట్టంలోనే గుర్తించింది. మన 1950 చట్టంలో అధికారులకు 90వ సెక్షన్, మిగతా సిపాయిలకు 91వ సెక్షన్ ఉన్నాయి. వాటి ప్రకారం కేంద్ర ప్రభుత్వం గాని, నియమిత సైనికాధికారి గాని ఉత్తర్వు ఇస్తే, భార్యాబిడ్డల పోషణకు జీతంలోంచి కోసి ఇస్తారు. పెళ్లి వల్ల పుట్టిన బిడ్డ అయినా, కాకపోయినా హక్కు ఉందని చట్టంలోనే రాసి ఉంది. తండ్రి చేసిన తప్పుకు బిడ్డను పస్తు పెట్టకూడదని దీని భావం. నావికాదళానికీ, వైమానిక దళానికీ ఇలాంటి ఏర్పాట్లే ఉన్నాయి.

అంటే ఒక తలుపు మూసిన చట్టమే ఇంకో తలుపు తెరిచింది. ఆ రెండో తలుపు సంగతి మన పల్లెలకు చేరకపోవడమే చిక్కు.

ఆ తల్లి తరఫున జవాను పనిచేసే యూనిట్ కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ రాశాం. సైనిక నంబరు, హోదా, పేరు, యూనిట్, పెళ్లి తేదీ, బిడ్డ పుట్టిన తేదీ రాసి, కోర్టు తీర్పు నకలు జతచేశాం. వాళ్లు జవానును సంజాయిషీ అడిగారు. జవాబు రావడానికి నెలలు పట్టింది. మధ్యలో ఆమె రెండుసార్లు ఆశ వదులుకుంది. చివరికి జీతంలో కోత మొదలై, డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలో పడింది.

ఇలాంటి అక్కచెల్లెళ్లు మీ ఊళ్లోనూ ఉండవచ్చు. భర్త సైనిక నంబరు, యూనిట్ పేరు ఇప్పుడే రాసి దాచుకోమని చెప్పండి. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగమనండి. అర్జీకి చదువు అడ్డమైతే ఊళ్లో పంతులు ఉండనే ఉన్నాడు. సిపాయి దేశానికి కాపలా కాస్తాడు. అతని బిడ్డకు కాపలా కాయవలసింది మనమే.

సెలవు.