నివాతశబ్దార్థము – ఆరోగ్యశాలా నిర్మాణము

చరకసంహితయందు సూత్రస్థానమున పదునైదవది ఉపకల్పనీయాధ్యాయము. వమన విరేచనములు చేయింపదలచిన వైద్యుడు ముందుగా సమకూర్చుకొనవలసిన సంభారము లందు చెప్పబడినవి. ఓషధులు, పరిచారకులు, పాత్రలు, శయ్యాసనములు అన్నియు గలవు. కాని వాని కన్నిటికంటె మున్ను చెప్పబడినది గృహము. వాస్తువిద్యాకుశలుడు దానిని నిర్మింపవలెను. అది దృఢమై యుండవలెను. పొగయు, ఎండయు, నీరును, ధూళియు దానిని జొరరాదు. నీటివసతి, మరుగుదొడ్డి, స్నానభూమి, వంటయిల్లు దాని కమరియుండవలెను. ఇంతవరకు సందేహము లేదు. గాలిని గూర్చిన రెండు విశేషణములకడ సందేహము కలుగుచున్నది. గృహము నివాతమై యుండవలె ననియు, ప్రవాతైకదేశమై యుండవలె ననియు నాచార్యుడు వెంటవెంటనే చెప్పియున్నాడు.

గాలి లేకుండుటయు, గాలి కలిగియుండుటయు నొక్క గృహమున కెట్లు పొసగును? అమరము నివాతశబ్దమునకు ఆశ్రయము, గాలి లేని చోటు, శస్త్రములు దూరని కవచము అను మూడర్థముల నిచ్చుచున్నది. బాల్యముననే అమరమును వల్లించినవారికి నడిమి యర్థమే మొదట స్ఫురించుట సహజము. దానిని గ్రహించినచో రెండవ విశేషణము మొదటిదానితో విరోధించును. పాణిని మాత్రము ఆఱవ యధ్యాయమున రెండవ పాదమందు స్వరవిధి చేయుచు నివాతశబ్దమును వాతత్రాణార్థమున, అనగా గాలినుండి రక్షణ యను నర్థమున గ్రహించెను. కాశిక యచట చూపిన యుదాహరణములలో కుటీనివాతము, కుడ్యనివాతము కలవు. గోడచాటున గాలికోత తగులని చోటు కుడ్యనివాతము. అచట గాలి లేకపోలేదు. దాని యుద్ధతి తగులదు, అంతే. ఇక ప్రవాతైకదేశ మనునది బహువ్రీహి: ప్రవాతమైన యేకదేశము దేనికి గలదో యది. రోగి పరుండు తావున గాలికోత తగులక, గృహమునం దొక భాగమున గాలి ధారాళముగ వీచుచుండవలె నని తాత్పర్యము. అట్టి భాగమే లేనిచో లోపలి చెడుగాలి వెలువడు టెట్లు?

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల ప్రాత పెంకుటిండ్లను చూచినవారికి ఈ సమాసము కన్నులయెదుట నిలుచును. మండువాలోగిలియందు నాలుగువైపుల కప్పులును లోపలికి వాలియుండును. వానయు, వెలుగును, గాలియు నడిమినుండి దిగును. చుట్టునున్న గదులు గోడచాటున నుండును. మండువాయే ప్రవాతైకదేశము, గదులు కుడ్యనివాతములు. ఇట్టి యింటిలోనే పురిటిగది మాత్రము వేఱుగ నుండుట విచిత్రము. తలుపు బిగించి, కిటికీసందులకు గుడ్డలు క్రుక్కి, కుంపటిలో సాంబ్రాణి వేసి, బాలింతకు గాలి సోకరాదని కావలికాచుట చిరకాలాచారము. పెద్దలు మొదటి మాటను మిక్కిలిగా పాటించి రెండవదానిని విడిచిరి. ధూపమునకు శాస్త్రాధారము లేకపోలేదు. గాయపడినవాని గృహమున ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పు కలిపి దినమునకు రెండుమార్లు పదిదినములు ధూపము వేయవలె నని సుశ్రుతుడు విధించెను. కాని పూటపూటకు వేసిన ధూపము వేఱు, వెలుపలికి దారిలేక గదినిండ నిలిచిన పొగ వేఱు.

ఇది వైయాకరణుల వినోదమునకు మాత్రమైన విచారము కాదు. క్షయరోగి దగ్గినపుడు వెలువడు సూక్ష్మకణములు గాలిలో తేలుచుండి యొరులకు సోకును. మూసిన గదిలో నవి పెరుగుచుండును. తగిన మందులు లేని కాలమున, మదనపల్లె చెంత 1915లో నెలకొన్న ఆరోగ్యవరమునందు డాక్టరు ఫ్రిమొట్ మొల్లరు మొదలగువారికి విశ్రాంతియు, పుష్టికరాహారమును, ఆరుబయటి గాలియుమే ముఖ్యాధారము లయ్యెను. పిమ్మట మందులు వచ్చినవి. కిటికీల మాట మఱుగుపడినది. పెరూదేశపు లీమానగరమున ఎనిమిది వైద్యశాలలలో 70 గదులను పరీక్షించి 2007లో ప్రకటించిన పరిశోధనము దానిని మరల ముందునకు తెచ్చినది. 1950కి పూర్వము కట్టిన, ఎత్తైన కప్పులును పెద్ద కిటికీలును గల గదులలో వానిని తెఱచియుంచినపుడు గాలి గంటకు 40 మార్లు మారినది. ఇటీవలి కట్టడములలో 17 మార్లు. యంత్రముతో గాలి నడపు గదులలో 12 మార్లు మాత్రమే. 2009లో ప్రపంచారోగ్యసంస్థ వైద్యశాలలలో రోగవ్యాప్తి నరికట్టుటకై సహజవాయుప్రసారమును గూర్చి ప్రత్యేక గ్రంథమునే వెలువరించినది.

గాలివలెనే రోగి తాకు వస్తువులును విచార్యములు. చరకుడు శారీరస్థానమున శిశువు పడకబట్టలను గూర్చి చెప్పుచు, చెమటయు మలమూత్రములును పట్టినవానిని విడువవలె ననియు, వేఱువి దొరకనిచో వానినే చక్కగ నుతికి, ధూపమిచ్చి, ఆరిన పిమ్మట వాడవలె ననియు విధించెను. లోహముల విషయమున నవీనులు వేఱుదారిన నడచిరి. మంచపు కమ్ములు మొదలగు రోగిచెంతి వస్తువులను రాగి మిశ్రలోహములతో చేయించి, అమెరికాలో మూడు వైద్యశాలల తీవ్రచికిత్సా విభాగములలో పరీక్షింపగా, వైద్యశాలలో సోకిన రోగములు నూటికి 8.1 నుండి 3.4కు తగ్గిన ట్లు 2013లో ప్రకటించిరి. చింతపండుతో తోమిన యిత్తడిచెంబులను అటకెక్కించి స్టీలుపాత్రలు దింపుకొన్న కోనసీమ గృహిణు లిది విని నవ్వుకొనవచ్చును. అయినను ఈ జ్ఞానమంతయు మన ప్రాచీనులకు ముందే కలదనుట సాహసము. తామ్రపాత్ర ప్రశస్తమని చెప్పుట వేఱు, తామ్రము తాకిన రోగకారకసూక్ష్మజీవి నశించునని యెఱుగుట వేఱు.

ఆంధ్రదేశమున శాలలను గూర్చిన శాసనసాక్ష్యములలో ముఖ్యమైనది కృష్ణకు దక్షిణతీరమున మందడము చెంతనున్న మల్కాపురశాసనము. కాలము 1261. గణపతిదేవుడు మందడమును, రుద్రమదేవి దానితోపాటు వెలగపూడిని గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వరశివాచార్యున కిచ్చిన దానమును, దానితో నడచిన సంస్థలను ఇది తెలుపుచున్నది. వానిలో ప్రసూతిశాలయు, ఆరోగ్యశాలయు వేఱువేఱుగ పేర్కొనబడినవి. ఇందు గమనింపదగిన దీ భేదమే. వియన్నానగరమున 1847లో సెమ్మెల్వైసు, శవములను కోసిన చేతులతోనే వైద్యులు ప్రసవశాలకు వచ్చుటవలన బాలింతలు జ్వరముతో మరణించుచున్నారని గుర్తించి చేతులు కడిగించునప్పటికి, మల్కాపురమున ప్రసవించువారికి ప్రత్యేకశాల యేర్పడి ఐదువందల యెనుబదియాఱేండ్లు గడచినవి. కారణమును శాసనకవి చెప్పలేదు. ఆ శాల గోడలును గవాక్షములును ఎట్టివో కూడ చెప్పలేదు. రెండు శాలలకు రెండు పేరులు మాత్రము ఱాతిపై నిలిచినవి.