బి.బి.సి. మైక్రో కంప్యూటరు – తెలుగు లిపి

పాఠశాలలలో కంప్యూటరు విద్యకై భారతప్రభుత్వము 1984లో ప్రారంభించిన ‘క్లాస్’ పథకమునకు ఎన్నుకొన్న యంత్రము బి.బి.సి. మైక్రో. ఇంగ్లండునందలి ఏకార్న్ సంస్థ దీనిని 1981 డిసెంబరులో వెలువరించెను. ‘బి’ తరగతి యంత్రమునకు మెమరీ 32 కిలోబైట్లు మాత్రమే. అట్టి పాతపెట్టెను సంపాదించి మరల నడిపించు అభిలాషులు నేటికిని కలరు. వారు ముందుగా విద్యుత్ విభాగమందలి పాత కెపాసిటర్లను మార్చవలెను. లేనిచో అవి పగిలి గదినిండ పొగ క్రమ్మును. పిదప టెలివిజనునకు తగిలించి బేసిక్ భాషలో ఆజ్ఞలు వ్రాయవచ్చును.

తెలుగువారికి ఇందు విచారింపదగినది లిపి. యంత్రమునకు పుట్టుకతో వచ్చినది రోమను లిపియే. అయినను 4వ మోడునకు మార్చి, వి.డి.యు. 23 అను ఆజ్ఞతో క్రొత్త గుర్తులు కల్పింపవచ్చును: ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు, వరుసకొక సంఖ్య. తలకట్టును అక్షరమును అందు ఇముడ్చుటయే కష్టము. ఇక ఒత్తునకు తావెక్కడ? ‘స్త్రీ’ అని వ్రాయుటకు ఒకదానిపై నొకటిగా రెండు గళ్లైనను కావలెను. పైగా ఊరక లభించు గుర్తులు 32, మన వర్ణమాల 56! మరియొక 32 గుర్తులకు 256 బైట్ల మెమరీ వదలుకొనవలెను.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన రాయచూరు జిల్లాలో తెలుగు, కన్నడము రెండును చదువువారు కలరు. ఈ ఇబ్బంది రెండు లిపులకును సమానమే. గ, ద, న వంటి అక్షరములను ఒక లిపికి గీచినచో, తలకట్టు మార్చి రెండవదానికి వాడుకొనవచ్చును. 1991లో భారతీయ ప్రమాణమైన ‘ఇస్కీ’యందును ఈ రెండు లిపులకు సంకేతములు ఒక్కటే. అది ఆ పాతపెట్టెకు అందలేదు. అందు తెలుగు వ్రాయదలచినవాడు నేటికిని గళ్ల కాగితముతోనే మొదలిడును.