పల్నాడులో కంప్యూటర్ చదువు: కొంత చరిత్ర, కొంత ఆలోచన

ప్రతి యేటా జూన్, జులై మాసాలు వచ్చేసరికి మన సంఘం ఆఫీసుకు తలిదండ్రులు ఒకే ప్రశ్న మోసుకొని వస్తుంటారు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలలో కూలి చేసుకొని బతికే ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిన మాటలు యివి: "మావాడు యింటరు పాసయ్యాడు సాబ్. కంప్యూటర్ సైన్సే చదువుతానని కూర్చున్నాడు. అసలు అదేంది? నాలుగేళ్ళు చదివి ఏం జేస్తాడు?" మేము "మంచి చదువే భాయ్, చేర్పించండి" అని చెప్పి పంపించాము. ఆయన వెళ్ళిన తరువాత ఆలోచిస్తే, మేము చెప్పింది సమాధానమే కాదని తోచింది. పొలమో, యిల్లాలి మెడలో గొలుసో తాకట్టు పెట్టి చదివించే మనిషికి ఆ చదువు యెక్కడ పుట్టింది, మన వూరి దాకా యెట్లా వచ్చింది, లోపల ఏముంది అని వివరంగా చెప్పవలసిన బాధ్యత మన మీద వున్నది. ఆ బాకీ యీ వ్యాసంతో కొంతైనా తీర్చుకోవాలని మా ప్రయత్నం.

పల్నాడు అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది కారెంపూడి యుద్ధం, బ్రహ్మనాయుడు, నాగమ్మ. మనమూ పౌరుషాల సంగతే యెక్కువ చెప్పుకుంటాము. కాని మాచర్లకు ఆనుకొని వున్న నాగార్జునకొండ లోయలో, క్రీస్తు తరువాత 3, 4 శతాబ్దాలలో, ఇక్ష్వాకుల విజయపురి వుండేది. అక్కడ విహారాలు, విద్యాస్థానాలు వెలసినాయి. సింహళ దేశపు భిక్షువుల కోసం ప్రత్యేకంగా విహారం వుండేదని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. 1955 డిసెంబరు 10న సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయ నీట మునిగేలోగా 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి ఆ ఆనవాళ్ళను కొండ మీదికి చేర్చారు. సముద్రం దాటి వచ్చి చదువుకున్న నేల మనది. అటువంటి నేల మీద పుట్టిన పిల్లలు డిగ్రీ కోసం పొరుగూళ్ళు పట్టుకొని తిరగవలసి రావడం కాలవైపరీత్యం గాక మరేమిటి?

ఇక కంప్యూటర్ సంగతి. యీ చదువులో చేరిన పిల్లవాడు మొట్టమొదట నేర్చే మాట "అల్గారిథమ్". ఒక పనిని వరుస తప్పకుండా, మెట్టు మెట్టుగా పూర్తిచేసే పద్ధతికి ఆ పేరు. ఆ మాట 9వ శతాబ్దంలో బాగ్దాదు నగరంలో వున్న గణిత పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి వచ్చింది. లాటిన్ వారి నోట్లో పడి ఆయన పేరు అట్లా మారింది. ఆయన గ్రంథం పేరులోని "అల్ జబ్ర్" అనే మాటే ఆల్జీబ్రా అయినది. మన దేశపు అంకెలతో లెక్కించే తీరు మీద కూడ ఆయన గ్రంథం రాశాడు. దాని లాటిన్ అనువాదాల ద్వారా యూరపు ఆ పద్ధతిని నేర్చుకున్నది. కనుక యీ విద్య మనకు పరాయిది అని యెవరైనా అంటే తలవంచుకోనక్కర లేదు. అయితే తాతలు నేతులు తాగారని మూతులు వాసన చూపిస్తే లాభం లేదు. ఆ తరువాత కొన్ని వందల యేళ్ళు మనం ఏం చేశామన్నది వేరే ప్రశ్న.

కంప్యూటర్ సైన్స్ ఒక ప్రత్యేకమైన చదువుగా మారింది నిన్న మొన్ననే. 1953లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఒక డిప్లమా ప్రారంభించింది. 1962లో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ డిపార్టుమెంటు వెలిసింది. మన దేశంలో 1955లో కలకత్తా స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటుకు ఇంగ్లండు నుండి ఒక యంత్రం వచ్చింది. 1960లో బొంబాయి టాటా పరిశోధనా సంస్థవారు టిఫ్రాక్ అనే యంత్రాన్ని స్వయంగా నిర్మించారు. 1963లో కాన్పూరు ఐ.ఐ.టి.లో ఐ.బి.ఎం. 1620 కంప్యూటర్ దించి పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పట్లో ప్రోగ్రాము రాయడమంటే అట్టకార్డులకు చిల్లులు పొడిచి, కట్ట కట్టి యిచ్చి, ఫలితం కోసం కాచుకొని కూర్చోవడమే.

తెలుగువారు యీ రంగంలో వెనుకబడి లేరు. అణుశక్తి శాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావుగారి ఆధ్వర్యంలో 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, అంటే ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడింది. అక్కడ 1969లో టి.డి.సి. 12 అనే కంప్యూటర్ తయారయింది. చిత్తూరు జిల్లా కాటూరు గ్రామంలో రైతు కుటుంబంలో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1958లో మద్రాసు గిండీ కాలేజిలో సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసి, తరువాత అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం చదివి, 1994లో ట్యూరింగ్ బహుమతి అందుకున్నారు. ఆ రంగంలో అంతకన్న పెద్ద బహుమతి లేదు. ఆసియా సంతతివారిలో దాన్ని మొదట పొందినది ఆయనే. ఆయన డిగ్రీ చదివేనాటికి మన దేశంలో కంప్యూటర్ డిగ్రీ అనేదే లేదు. పల్లెటూరి పుట్టుక అడ్డు రాదని మన పిల్లలకు చెప్పడానికి యింతకు మించిన ఉదాహరణ వెతుక్కోనక్కర లేదు.

మన జిల్లా సంగతికి వద్దాము. మన తాతల కాలంలో డిగ్రీ అంటే గుంటూరే. 1885లో వెలసిన ఆంధ్ర క్రైస్తవ కళాశాల వారికి పెద్ద దిక్కు. 1950లో నరసరావుపేటలో శ్రీ సుబ్బరాయ అండ్ నారాయణ కళాశాల ప్రారంభమైన తరువాత పల్నాడు పిల్లలకు డిగ్రీ దగ్గరయింది. 1967లో సాగర్ కాలువల్లో నీళ్ళు పారి, పైరు కాస్త కుదురుకొని, నాలుగు డబ్బులు కనిపించిన యిళ్ళలో చదువు మీద ఆశ పుట్టింది. 1976 సెప్టెంబరు 11న నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌గారి చేతుల మీదుగా నాగార్జున విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. అంతవరకు మన డిగ్రీ పట్టాలు ఆంధ్ర విశ్వవిద్యాలయం పేర వచ్చేవి.

ఇంజనీరింగు మాత్రం చాలాకాలం అందని పండుగానే వుండిపోయింది. 1977లో విజయవాడ దగ్గర కానూరులో సిద్ధార్థ కాలేజి, 1981లో బాపట్ల కాలేజి, 1985లో గుంటూరు దగ్గర చౌడవరంలో ఆర్.వి.ఆర్. అండ్ జె.సి. కాలేజి వచ్చాయి. 1983లో రాష్ట్ర ప్రభుత్వం డొనేషన్లను నిషేధిస్తూ చట్టం చేసింది. 1986 నుండి ఎంసెట్ పరీక్ష వచ్చింది. ర్యాంకు తెచ్చుకుంటే సీటు అన్నమాట బాగానే వుంది. కాని గురజాల, దాచేపల్లి, మాచర్ల వైపు పిల్లవాడికి కోచింగు ఎక్కడిది? హాస్టలు ఖర్చు యెవరు పెట్టేది?

మేము డిగ్రీ చదివే రోజుల్లో కాలేజిలో ఒక గదికి ఎప్పుడూ తాళం వేసి వుండేది. ఆ గదికి మాత్రమే ఏసీ. లోపల ఒక కంప్యూటర్, దాని మీద గుడ్డ ముసుగు. చెప్పులు బయట విప్పి, దర్గాలోకి వెళ్ళినట్లు వెళ్ళాలి. ఏడాది మొత్తం మీద ఆ కీబోర్డు మీద మా వేళ్ళు ఆనినది రెండుసార్లు. కంప్యూటర్ ఫీజు మాత్రం ఏడాదికంతా కట్టాము. పరీక్షలో ఫ్లోచార్టులు గీసి మార్కులు తెచ్చుకున్నాము. చదవడం వేరు, చేతికి రావడం వేరు అని మాకు తెలిసివచ్చింది అప్పుడే.

1998 మన పల్నాడుకు చెప్పుకోదగిన సంవత్సరం. ఆ యేడు నరసరావుపేట ఇంజనీరింగ్ కాలేజి ఏర్పడింది. అదే యేడు హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, ట్రిపుల్ ఐటీ కూడ అప్పుడే పుట్టింది. 2000 సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములలో తేదీలు తారుమారవుతాయన్న భయంతో ప్రపంచమంతా ప్రోగ్రాములు రాసేవారి కోసం వెతికింది. మన కుర్రాళ్ళు అమీర్‌పేట గదుల్లో నలుగురైదుగురు కలిసి వుండి, పగలు కోర్సు, రాత్రి అన్నం వండుకోవడం, యిట్లా నేర్చుకొని విమానాలెక్కారు. తరువాత 2001లో, 2008లో మాంద్యం వచ్చినపుడు తిరిగి వచ్చినవారూ వున్నారు. యీ చదువుకు ఎండా వానా రెండూ వున్నాయని మరువకూడదు. అటు తరువాత జొన్నలగడ్డ, కేసానుపల్లి, సాతులూరు వైపు కూడ కాలేజీలు లేచాయి. 2016లో కాకినాడ జె.ఎన్.టి.యు. వారి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజి నరసరావుపేటకు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు ప్రత్యేక జిల్లా అయి, నరసరావుపేట కేంద్రమైంది.

కాలేజి దగ్గరకు వచ్చినంత మాత్రాన పేదవాడి పిల్లవాడు లోపలికి పోలేడు గదా! 2006లో సచార్ కమిటీ యిచ్చిన నివేదిక మన ముఖం ముందు అద్దం పెట్టింది. 2001 జనాభా లెక్కల ప్రకారం 20 యేళ్ళు దాటిన వారిలో దేశం మొత్తం మీద సుమారు 7 శాతం మంది డిగ్రీ లేదా డిప్లమా చదివితే, ముస్లిములలో ఆ సంఖ్య 4 శాతం కూడ లేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్‌గారి నివేదికపై 14 వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి. ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు దాన్ని కొట్టివేసినా, ఆ యేడు మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. మన దూదేకుల సోదరులు అంతకు ముందునుంచే బి.సి. బి జాబితాలో వున్నారు. దీనికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంటు రావడంతో, చాలా యిళ్ళలో మొదటి ఇంజనీరు తయారయ్యాడు. యిది ఒప్పుకోవలసిన మాట.

ఇంజనీరింగు సీటు రాకపోతే బతుకు చెడినట్లు కాదు. బి.ఎస్సీ.లో కంప్యూటర్లు వున్నాయి, బి.సి.ఎ. వుంది. మాచర్ల మండలం విజయపురి సౌత్‌లో ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజి, డిగ్రీ కాలేజి వున్నాయి. 2008లో వచ్చిన నూజివీడు ట్రిపుల్ ఐటీ పదో తరగతి మార్కుల మీదనే ఆరేళ్ళ చదువుకు తీసుకుంటుంది. యీ దారులు తెలియక ఎంతమంది పిల్లలు పదితో ఆగిపోయారో!

ఇంతకీ నాలుగేళ్ళలో ఏం నేర్పుతారు? మొదట లెక్కలు, సి భాష. తరువాత డేటా స్ట్రక్చర్లు, అంటే సమాచారాన్ని పేర్చే తీరు. గోడౌన్‌లో మిర్చి టిక్కీలు ఒకదాని మీద ఒకటి పేర్చితే ఆఖరున పెట్టినది ముందు దిగుతుంది. దాన్ని స్టాక్ అంటారు. యార్డు గేటు దగ్గర బండ్లు వరుసలో ఆగితే ముందు వచ్చినది ముందు పోతుంది, అది క్యూ. యింతే విషయం. ఆ తరువాత యంత్రం లోపలి నిర్మాణం, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, నెట్‌వర్కులు, కంపైలర్లు, చివర ప్రాజెక్టు. సారాంశం ఒక్కటే. పెద్ద చిక్కును చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటి విప్పి, మళ్ళీ అతికించడం. ఏ కంపెనీ అయినా యివ్వాళ్టి భాష రేపు మారుస్తుంది. యీ మూలం తెలిసినవాడు ఆరు నెలల్లో కొత్త భాష నేర్చుకుంటాడు. తెలియనివాడు పట్టా పట్టుకొని అమీర్‌పేట చుట్టూ తిరుగుతాడు.

భాష మాట వచ్చింది గనుక ఒక సంగతి చెప్పాలి. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం నుండి వచ్చిన పిల్లలు మొదటి యేడు క్లాసులో నోరు మెదపరు. వారికి తెలివి లేక కాదు, ఇంగ్లీషు లేక. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం అనువాద శాఖ పెట్టి, వైద్యం, ఇంజనీరింగు కూడ ఉర్దూలో బోధించి చూపింది. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి ప్రాంతీయ భాషలలో బి.టెక్.కు అనుమతి యిస్తే, విజయవాడ దగ్గర ఒక కాలేజి తెలుగులో కంప్యూటర్ సైన్స్ ప్రారంభించింది. అదే 2021లో మన రాష్ట్రపు డిగ్రీ కాలేజీలన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. ఏది మంచిదో పండితులు తేల్చుకోనీ. మనం చేయగలిగినది, యింటరు సెలవుల్లో మన పిల్లలకు రెండు నెలలు ఇంగ్లీషు చదవడం, మాట్లాడడం నేర్పే ఏర్పాటు.

మరొక మాట నొప్పి కలిగించినా చెప్పక తప్పదు. ఆడపిల్లకు సీటు వస్తే, "యెట్లాగూ పెళ్ళి చేసి పంపేదే గదా, నాలుగేళ్ళు యెందుకు?" అనేవారు మన మధ్యనే వున్నారు. మంచి ర్యాంకు తెచ్చుకొని రెండో యేడులో చదువు మానిపించబడిన ఒక అమ్మాయి, తన లెక్కల నోట్సు తెచ్చి మన సంఘం లైబ్రరీలో యిచ్చి వెళ్ళింది. "యెవరికైనా పనికొస్తుంది మామూ" అన్నది. ఆ నోట్సు చూసినప్పుడల్లా మాకు సిగ్గు వేస్తుంది.

2022 నవంబరు తరువాత కృత్రిమ మేధ అందరి చేతికీ వచ్చింది. యంత్రమే ప్రోగ్రాము రాస్తున్నది, యింకా యీ చదువెందుకు అని అడుగుతున్నారు. యంత్రం రాసినది తప్పో ఒప్పో చూడగలిగినవాడు కావాలి గదా! బట్టీ పట్టినవాడికి గడ్డు కాలమే. అర్థం చేసుకున్నవాడికి అంత భయం లేదు.

ఆ పిడుగురాళ్ళ పెద్దాయన మళ్ళీ వస్తే మేము యిట్లా చెబుతాము: "భాయ్, చేర్పించండి. కాని చేర్పించి వూరుకోవద్దు. కాలేజిలో కంప్యూటర్ల గదికి తాళం వుందో, తెరిచి వుందో మీరే వెళ్ళి చూడండి. వారానికొకసారి 'యీ వారం నీ చేత్తో ఏం చేశావురా' అని వాణ్ణి అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, చెప్పడం వాడికి రావాలి." మన సంఘం కూడ ఆఫీసు గదిలో నాలుగు కంప్యూటర్లు పెట్టి, సాయంకాలాలు తెరిచి వుంచగలిగితే, సావనీరు వేసినందుకు సార్థకత. ఆ గదికి ముసుగు గుడ్డలు వద్దు. చెప్పులు విప్పనక్కరా లేదు.