కాకినాడ నేర్పిన సభానిర్వహణ

సభానిర్వహణ నేడొక వృత్తివిద్య. మన దేశంలో ఈ శిక్షణకు జాతీయోద్యమంలోనే పూర్వరంగమున్నది. 1923 డిసెంబరులో, మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, స్వచ్ఛంద సేవకులకు క్రమబద్ధమైన శిక్షణ నిచ్చే హిందూస్తానీ సేవాదళ్‌కు డాక్టర్ ఎన్.ఎస్. హర్డీకర్ చొరవతో అంకురార్పణ జరిగింది.

ఆ సందర్భంలోనే ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద 14 ఏళ్ల దుర్గాబాయి సేవికగా నిలిచింది. టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను ఆమె లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు మందలించగా, తనకిచ్చిన ఆదేశాన్నే పాటించానన్నది. వారు టిక్కెట్టు కొన్న పిదపనే దారి విడిచింది. నెహ్రూ ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు.

ద్వారం వద్ద నిలిచే వారికి శిక్షణ నివ్వడం సులభమే. నియమం పాటించిన వారిని మందలించక సమర్థించడం పై అధికారులు నేర్వవలసిన విద్య. అది లోపిస్తే మొదటిది నిష్ఫలం.