నంబరు ప్లేటు మీదే కారు వయసు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది "ఏ ఇయర్ మోడలండీ?" అనే. టీఎస్ 09 ఉన్నా, ఏపీ 39 ఉన్నా, ఆ నంబరును బట్టి బండి ఏ ఏడాదిదో కచ్చితంగా తేలదు. ఆర్సీ చూడాల్సిందే. బ్రిటన్‌లో ఈ ప్రశ్న అడిగే అవసరమే రాదు. వీధిలో ఆగి ఉన్న కారు ఏ ఏడాది రోడ్డెక్కిందో బడికెళ్లే పిల్లలు కూడా చెప్పేస్తారు.

ఎల్‌ఎన్ 24 అని మొదలయ్యే ప్లేటునే తీసుకోండి. ముందు వైపు తెలుపు మీద, వెనక వైపు పసుపు మీద నల్లటి అక్షరాలు. ఎల్ అంటే కారు లండన్ ప్రాంతంలో రిజిస్టరైందని. 24 అంటే 2024 మార్చి నుంచి ఆగస్టు లోపు. అదే ఏడాది సెప్టెంబరులో రిజిస్టరైతే ఆ అంకెకు 50 కలుపుతారు. అప్పుడది 74 అవుతుంది, మరుసటి ఫిబ్రవరి దాకా అదే నడుస్తుంది. చివరి మూడు అక్షరాలకు ప్రత్యేకమైన అర్థమేమీ లేదు.

ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1903లో చేసిన మోటారు కారు చట్టం 1904 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. వేగ పరిమితిని గంటకు 20 మైళ్లకు పెంచుతూనే ప్రతి కారుకూ నంబరు ఉండి తీరాలంది. తప్పు చేసిన బండిని గుర్తుపట్టడమే దాని ఉద్దేశం, వయసు ఊసు ఎక్కడా లేదు. లండన్‌లో ఏ 1 నంబరు దక్కించుకున్నది ఎర్ల్ రస్సెల్, తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్‌కు అన్నగారు.

నంబర్లిచ్చే పని అప్పట్లో స్థానిక కౌన్సిళ్లది. ఎవరి అక్షరాలు వాళ్లవి. కార్లు పెరిగేకొద్దీ నంబర్లు చాలక, 1932 నుంచి మూడు అక్షరాలకు మారారు. ఆ తర్వాత అంకెలను ముందుకు, అక్షరాలను వెనక్కు తిప్పి చూశారు. 1960ల మొదట్లో అవి కూడా అడుగంటాయి. అప్పుడు దొరికిన ఉపాయమే చివర ఇంకో అక్షరం తగిలించడం. 1963కు ఏ, 1964కు బి. మిడిల్‌సెక్స్ కౌన్సిల్ ముందుగా మొదలుపెట్టింది, 1965లో సి అక్షరంతో అందరికీ తప్పనిసరైంది. నంబర్ల కొరత తీర్చడానికి పెట్టిన అక్షరం కాస్తా కారు పుట్టిన సంవత్సరాన్ని ఊరందరికీ చాటేసింది.

దాంతో వ్యాపారం తలకిందులైంది. కొత్త అక్షరం జనవరి 1న వస్తుందంటే డిసెంబరులో కారు కొనేవాళ్లెవరు? నెలరోజుల్లో ఏడాది పాతదిగా కనిపించే బండికి పూర్తి ధర ఎవరు పెడతారు? మోటారు వ్యాపారుల కోరిక మీద 1967లో ఆ మార్పును ఆగస్టుకు జరిపారు. అందుకే ఆ ఏడాది వచ్చిన 'ఇ' (E) అక్షరం జనవరి నుంచి జూలై దాకా ఏడు నెలలే బతికింది. జరిపితే జబ్బు నయం కాలేదు, నెల మారిందంతే. జూలైలో షోరూములు బోసిపోయేవి, ఆగస్టు 1న జనం ఎగబడేవారు. 1990ల నాటికి ఏడాది అమ్మకాల్లో ఐదో వంతుకు పైగా ఆ ఒక్క నెలలోనే జరిగేవి. పక్కింటివాళ్ల వాకిట్లో కొత్త అక్షరం కనిపించాక తమ కారు రాత్రికి రాత్రే పాతబడిందనిపించేది మరి. చివరికి 1999 నుంచి ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ మార్చడం మొదలెట్టారు. అక్షరాలు అయిపోవడంతో 2001 సెప్టెంబరు 1న, 51తో, ఇప్పటి అంకెల పద్ధతి వచ్చింది. 2051 ఫిబ్రవరి దాకా దీనికి ఢోకా లేదు.

పక్కనున్న ఐర్లండ్ 1987 నుంచి ప్లేటు మీద సంవత్సరాన్నే వేస్తోంది. 2013 వచ్చేసరికి 13 అపశకునమని జనం కొనరేమోనన్న భయం పట్టుకుంది. ఏడాదిని రెండు ముక్కలు చేసి 131, 132 అని వేశారు. అమ్మకాలు ఏడాది మొదట్లోనే కుప్పపడకుండా చూడటం కూడా అందులో ఉద్దేశమే.

బ్రిటన్ చట్టంలో మెచ్చుకోవాల్సిన నియమం ఒకటుంది. ఫ్యాన్సీ నంబరు కొని కారు వయసు దాచుకోవచ్చు, కానీ తగ్గించి చూపకూడదు. 2012 కారుకు 2005 నాటి నంబరు తగిలించవచ్చు, 19 అని ఉన్నది తగిలించడానికి వీల్లేదు. మన దగ్గర కొందరు స్కూలు రికార్డుల్లో వయసు తగ్గించి రాయించుకున్నట్టు అక్కడ బండికి రాయించుకోలేరు. ఉత్తర ఐర్లండ్ నంబర్లలో సంవత్సరం గుర్తు ఉండదు కాబట్టి వయసు కనపడకూడదనుకునే ఇంగ్లండ్ వాళ్లు అవి కొనుక్కుంటారు. వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ, స్వాన్‌సీలోని డీవీఎల్‌ఏ, 1989 నుంచి ఫ్యాన్సీ నంబర్లను తనే వేలం వేస్తోంది. 2014లో 25 ఓ అనే నంబరు ఫీజులతో కలిపి 5 లక్షల పౌండ్లు దాటింది. ఇక వయసు రుజువు చేయలేని బండికి, పలురకాల విడిభాగాలతో కట్టిన బండికి క్యూ అక్షరంతో నంబరిస్తారు. దాన్ని మార్చుకోవడం ఎవరి తరమూ కాదు. కొనేవాళ్లకు అంతకు మించిన హెచ్చరిక ఏముంటుంది?

చదువుకో ఉద్యోగానికో బ్రిటన్‌కు కొత్తగా వచ్చిన తెలుగు పిల్లలకు ఈ లెక్క డబ్బుతో ముడిపడ్డ సంగతి. కారుకు మూడేళ్లు నిండితే, అది రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో చూసే ఎంఓటీ పరీక్ష ఏటా తప్పనిసరి. లండన్‌లో పొగ ఎక్కువ వదిలే కారు నడిపితే రోజుకు 12.50 పౌండ్లు కట్టాలి. 2023 ఆగస్టు నుంచి ఇది నగరమంతటికీ వర్తిస్తోంది. స్థూలంగా 2015 సెప్టెంబరుకు ముందు రిజిస్టరైన డీజిల్ కార్లు, 2006కు ముందువైన పెట్రోలు కార్లు ఇందులో చిక్కుకుంటాయి. అంటే ప్లేటు మీద 65 కన్నా పాత అంకె ఉన్న డీజిల్ కారు చవగ్గా వస్తోందంటే ఆ చవకకు కారణం అదే కావచ్చు.

అమ్మేవాళ్లు ఎంత మంచిగా మాట్లాడినా, తెలుగువాళ్లే అయినా, డబ్బు చేతులు మారకముందు ఆ నంబరును ప్రభుత్వ వెబ్‌సైటులో కొట్టి చూడండి. కారు మొదటిసారి ఎప్పుడు రిజిస్టరైందో, ప్రతి ఎంఓటీ పరీక్ష నాటికి ఎన్ని మైళ్లు తిరిగిందో, ఏ లోపాలతో తప్పిందో అక్కడ ఉచితంగా కనిపిస్తాయి. ముఖ్యంగా ఫ్యాన్సీ నంబరున్న కారైతే ఈ పని అసలు మానొద్దు.